స్వీడన్ వాళ్ళు నిజంగా అట్లాగే ఉంటారా?

స్వీడన్ వాళ్ళంటే మనకేం గుర్తొస్తుంది? పొడుగ్గా, తెల్లగా, బంగారు రంగు జుట్టుతో, నీలి కళ్ళతో ఉంటారు. తక్కువ మాట్లాడతారు. పక్కింటివాళ్ళతో కూడా ముభావమే. దేవుణ్ణి నమ్మరు. ఆడామగా విషయంలో కట్టుబాట్లుండవు. డబ్బుంది గానీ సుఖం లేదు, అందుకే ఆత్మహత్యలు చేసుకుంటారు. లంచం ముట్టరు. యుద్ధం చెయ్యరు. అందరూ సమానం.

మనలో చాలామందిమి ఒక్క స్వీడన్ మనిషిని కూడా ఎదురుగా చూసి ఉండం. అయినా ఈ జాబితా మన నాలుక చివరే ఉంది. ఎవరిచ్చారు మనకిది? ఇందులో నిజమెంత? నిజమే అయినా, దాన్ని ఒక మనిషి ముఖం మీద అంటించే హక్కు ఎవరికుంది? మాకు కావలసింది ఈ మూడో ప్రశ్న. మొదటి రెండూ దాటకుండా అక్కడికి పోలేం.

ఆత్మహత్యల ముద్రే తీసుకుందాం. 1960 జూలైలో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ షికాగోలో తన పార్టీవాళ్ళ ముందు మాట్లాడుతూ, సోషలిజం పాటించే ఒక యూరప్ దేశంలో ఆత్మహత్యలూ తాగుడూ పెరిగిపోయాయన్నాడు. పేరు చెప్పలేదు. చెప్పకుండానే అందరికీ స్వీడన్ అని తెలిసిపోయింది. 1962లో స్టాక్‌హోం వెళ్ళినప్పుడు ఆ మాటకు క్షమాపణ చెప్పుకున్నాడు. క్షమాపణను లోకం మరిచిపోయింది, ముద్ర మాత్రం మిగిలింది. నిజానికి స్వీడన్ ఆత్మహత్యల రేటు యూరప్ సగటుకు దగ్గర్లోనే ఉంటూ వచ్చింది. హంగరీ, ఫిన్లండ్ చాలాకాలం దానికంటే ముందున్నాయి. ఇంకో సంగతి ఉంది. స్వీడన్ 1749 నుంచి జనం లెక్కలూ చావుల లెక్కలూ రాసిపెడుతున్న దేశం. ఉరేసుకున్న చావును పరువు కోసం కడుపునొప్పి చావుగా రాయించే చోట లెక్క తక్కువే తేలుతుంది. దాచకుండా రాసుకున్నవాడి పుస్తకంలోనే మచ్చలు కనిపిస్తాయి.

ఐసెన్‌హోవర్‌కి స్వీడన్ మీద కోపమెందుకు? కోపం స్వీడన్ మీద కాదు. సర్కారే వైద్యం, పింఛను చూసుకుంటే మనుషులు చెడిపోతారని తన దేశంలో చెప్పుకోవాలి. దానికో దిష్టిబొమ్మ కావాలి. 2017 ఫిబ్రవరిలో ట్రంప్ కూడా ఫ్లోరిడా సభలో అదే పని చేశాడు. అంతకుముందు రాత్రే స్వీడన్‌లో ఏదో ఘోరం జరిగిపోయినట్టు మాట్లాడాడు. ఆ రాత్రి అట్లాంటిదేమీ జరగలేదు. ఈసారి దోషం సోషలిజానిది కాదు, వలస వచ్చినవాళ్ళది. ఆ దేశంలో ముఠాల తుపాకీ హత్యలు పెరిగిన మాట నిజమే, కాదనం. కానీ 1960లో నరకం అయినందుకు ఒక కారణం, 2017లో నరకం అయినందుకు ఇంకో కారణం చెప్పారంటే, మాట్లాడుతున్నది స్వీడన్ గురించి కాదని తెలిసిపోతుంది. వాళ్ళింటి కొట్లాటకు పక్కింటి గోడ కావాల్సొచ్చింది, అంతే.

కట్టుబాట్లు లేవన్న ముద్ర కూడా ఎక్కువ భాగం సినిమాల పుణ్యమే. 1951లో ఒకటి, 1953లో బెర్గ్‌మన్ తీసిన ‘మోనికా’ ఒకటి. కాసేపు బట్టల్లేకుండా ఈత కొట్టిన దృశ్యాలు ప్రపంచమంతా తిరిగాయి. 1955లో బడిపిల్లలకు లైంగిక విద్య తప్పనిసరి చేశారు. పిల్లలకు ఒంటి గురించి పాఠం చెప్పడాన్ని మిగతా లోకం విశృంఖలత్వం అని చదువుకుంది. దేవుడి సంగతి కూడా ఇంతే గజిబిజి. చర్చికి పోయేవాళ్ళు తక్కువే. కానీ వేరే మతంలో చేరకుండా ఊరికే చర్చి సభ్యత్వం వదులుకునే హక్కు అక్కడివాళ్ళకు దొరికింది 1951 చట్టంతోనే. 2000 దాకా అది రాజ్యం మతమే.

ఇక లంచం ముట్టరన్న ముద్ర. దీని గురించి చెప్పాల్సింది మనమే. బోఫోర్స్ పేరు తెలియని తెలుగువాడు లేడు. 1986లో ఆ స్వీడన్ కంపెనీ మన దేశానికి 155 ఎం.ఎం. ఫిరంగులు అమ్మింది. 1987 ఏప్రిల్‌లో ముడుపుల సంగతి బయటపడింది, 1989లో ఒక ప్రభుత్వం పడిపోవడానికి ఆ గొడవ ఒక కారణమైంది. లంచం ఇచ్చింది స్వీడన్ కంపెనీ. బయటపెట్టింది స్వీడన్ రేడియో. ఆ తర్వాత కాగితాలు పత్రికలకు అందించిన రహస్య మనిషి తానేనని 2012లో చెప్పుకున్నది స్వీడన్ పోలీసు అధికారే, స్టెన్ లిండ్‌స్ట్రోం. ఇప్పుడు చెప్పండి, స్వీడన్ వాళ్ళు నిజాయితీపరులా కాదా? శాంతి సంగతీ ఇదే. 1814 తర్వాత ఆ దేశం యుద్ధంలోకి దిగలేదు. ఆ రెండు వందల ఏళ్ళు దాటిన శాంతిలోనే ఫిరంగులు చేసి ఊరూరా అమ్మింది. శాంతి బహుమతి పెట్టిన నోబెల్ చివరి రోజుల్లో కొన్న ఫ్యాక్టరీ కూడా ఈ బోఫోర్సే. 2024 మార్చిలో నాటోలో చేరాక ఎవరి పక్షం కాదన్న ముద్ర కూడా పోయింది.

2022లో ఇంకో ముద్ర లోకమంతా చక్కర్లు కొట్టింది. స్వీడన్‌లో పిల్లవాడు స్నేహితుడింటికి ఆడుకోడానికి పోతే, భోజనాల వేళకి ఇంట్లోవాళ్ళు వంటింట్లో కూర్చుని తింటారట, వచ్చిన పిల్లవాడు గదిలో ఒక్కడే కూర్చోవాలట. అది విని మేం కూడా నోరెళ్ళబెట్టాం. దస్తర్‌ఖాన్ పరిచాక ఇంట్లో ఉన్న మనిషిని పక్కన పెట్టడమా? తౌబా! స్వీడన్ వాళ్ళలో కొందరు అదేం లేదన్నారు, చాలామంది అవును, మా చిన్నప్పుడు అట్లాగే ఉండేదన్నారు. ఎందుకని అడిగితే చెప్పిన కారణాలు ఆలోచించాల్సినవే. ఆ పిల్లవాడి తల్లి ఇంట్లో వండి ఎదురుచూస్తుంటుంది, ఆమె అన్నాన్ని మనం చెడగొట్టకూడదు. పెడితే రుణం పెట్టినట్టవుతుంది, ఆ ఇంటికి తమ పిల్లకు తాము పెట్టుకోలేరన్న చిన్నతనం కలుగుతుంది. మనకు అమర్యాద అనిపించింది వాళ్ళకు మర్యాదే. అయినా ఆ గదిలో కూర్చున్న పిల్లవాడికి ఆకలైన మాట కూడా నిజమే.

ఇక్కడ మేం మమ్మల్నే అడుగుకోవాలి. సాయిబుల ఇంటికి పోతే బిర్యానీ పెట్టకుండా పంపరు అంటారు. వినడానికి బాగుంటుంది, మేం కాదనం కూడా. కానీ రోజు కూలీ మీద బతికే ఇంట్లో అమ్మీ, వచ్చిన చుట్టం ఆ పొగడ్త అనగానే పక్కింటికి పావు కిలో బియ్యం బదులుకి పోవడం మా ఇళ్ళలో చూశాం. మంచి ముద్ర కూడా ఎవరో ఒకరి చేత అప్పు చేయిస్తుంది.

బంగారు జుట్టు ముద్రను ఒట్టి బయటివాళ్ళే వెయ్యలేదు. 1922లో స్వీడన్ ప్రభుత్వమే ఉప్సలాలో జాతి జీవశాస్త్ర సంస్థ పెట్టింది. దాని పెద్ద హెర్మన్ లుండ్‌బోర్గ్. జనం తలలు కొలిచారు, జుట్టూ కళ్ళ రంగూ రాసుకున్నారు, బట్టలిప్పించి ఫొటోలు తీశారు. ఉత్తరాన రెయిన్‌డీర్లు మేపుకునే సామీ జనాన్ని వరసగా నిలబెట్టి కొలిచి తక్కువ జాతి అని రాశారు. అసలైన స్వీడన్ మనిషి ఎట్లుంటాడో పుస్తకాలు అచ్చేశారు. ఆ కొలతకు అందనివాళ్ళ గతేమిటి? 1934లోనూ 1941లోనూ చట్టాలు వచ్చాయి. 1970ల నడుమ దాకా వాటి కింద దాదాపు 63,000 మందికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేశారు. తొంభై శాతం పైన ఆడవాళ్ళే. అందరిదీ బలవంతం కాదు గానీ, వేలమంది సొంత ఇష్టంతో ఒప్పుకున్నవాళ్ళు కాదు. మందబుద్ధులనో, నడవడి బాగాలేదనో ముద్ర వేసి సంతకాలు పెట్టించారు. 1997లో ‘డాగెన్స్ నిహేతర్’ పత్రిక ఈ సంగతి పెద్దగా రాశాక, 1999లో ఒక్కొక్కరికి 1,75,000 క్రోనర్ల పరిహారం చట్టం చేశారు. సమానత్వం ముద్ర మోసిన ప్రభుత్వాలు ఈ కాలమంతా అదే దేశంలో నడిచాయి. ఆస్పత్రులు, బడులు, పింఛన్లు, ఇవీ. రెండూ నిజాలే.

ఇప్పుడు మూడో ప్రశ్న. సగటున స్వీడన్ వాళ్ళు మాటకారులు కారంటే అది సగటుకు నిజం కావచ్చు. కోటిమందిని కలిపి తీసిన సగటు ఒక్క మనిషి గురించి ఏం చెబుతుంది? ఏమీ చెప్పదు. అట్లాగని ముద్రలన్నీ ఒకే బరువువి అనుకుంటే అది ఇంకో తప్పు. చలిమనిషి అని నవ్వినందుకు ఏ ఆండర్సన్‌కీ ఉద్యోగం పోలేదు, ఏ పోలీసూ ఆపలేదు. అతను కూడా మనతో పాటు నవ్వేస్తాడు. ముద్ర వేసే కలం అతని చేతిలోనూ ఉంది కాబట్టి నవ్వగలడు.

ఆ దేశంలో ఇవాళ అయిదుగురిలో ఒకరు బయట పుట్టినవాళ్ళు. మాల్మోలోని రోసెన్‌గోర్డ్‌లో పెరిగిన, బోస్నియా తండ్రికీ క్రొయేషియా తల్లికీ పుట్టిన జ్లాటాన్ ఇబ్రహిమోవిచ్ స్వీడన్ జట్టుకు అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టాడు. అతను ముభావి కాడు, బంగారు జుట్టూ లేదు. స్వీడన్ వాడు కాడా? కాదనేవాళ్ళు అక్కడ ఉన్నారు.

2007లో ఇద్దరు ఆర్థికవేత్తలు, కార్ల్‌సన్, రూత్, ఒక పరీక్ష ఫలితాలు అచ్చేశారు. ఒకే రకం అర్హతలున్న ఉద్యోగ దరఖాస్తులు కొన్ని స్వీడన్ పేర్లతో, కొన్ని మధ్యప్రాచ్యపు పేర్లతో పంపారు. స్వీడన్ పేరున్న వాటికి యాభై శాతం ఎక్కువ పిలుపులొచ్చాయి. లంచం ముట్టని, నియమం తప్పని, అందరినీ సమానంగా చూసే ఆ ఆఫీసుల్లోనే. పేరు చెప్పగానే ఇల్లు ఖాళీ లేదనే మాట మాకేం కొత్త కాదు, ఆ ఉత్తరాలు తెరిచిన చేతులు మాకు తెలిసినట్టే అనిపించాయి. ఇంకో అధ్యయనం 1990లలో పేర్లు మార్చుకున్న వలస జనాన్ని లెక్కగట్టింది. వాళ్ళు ఆసియా, ఆఫ్రికా, స్లావ్ పేర్లు వదిలి, స్వీడన్ పేరులా వినిపించేదో, ఏ దేశానిదో తెలియనిదో పెట్టుకున్నవాళ్ళు. మనిషి అదే, చదువు అదే, ముఖం అదే. మార్చుకోని వాళ్ళతో పోలిస్తే సంపాదన పెరిగింది.