ముందొచ్చినవాడా, ముందు కనబడినవాడా?

చిన్నప్పుడు గోదావరి అవతలి నుంచి మా వైపు నాటకాల వాళ్ళు వచ్చేవారు. పెట్రోమాక్స్ దీపాల వెలుతురులో తెల్లవారేదాకా నాటకం సాగేది. జనమంతా కళ్ళు నులుముకుంటూ కాచుకొని కూర్చునేది పడక సీను కోసం. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు ఎరిగిన తెలుగువాళ్ళకు ఆ ఘట్టం చెప్పనక్కరలేదు. యుద్ధానికి సాయం అడగడానికి దుర్యోధనుడు ముందు వచ్చి నిద్రపోతున్న కృష్ణుడి తలవైపు కూర్చుంటాడు. వెనక వచ్చిన అర్జునుడు కాళ్ళవైపు నిలబడతాడు. కళ్ళు తెరిచిన కృష్ణుడికి ముందు కనబడింది అర్జునుడు. నేను ముందొచ్చానంటాడు దుర్యోధనుడు. నిజమే, కాని నేను ముందు చూసింది ఇతణ్ణి అంటాడు కృష్ణుడు.

జనం ఈలలు వేసేవారు. నాకు మాత్రం మనసులో ఏదో ముల్లు గుచ్చుకున్నట్టుండేది. దుర్యోధనుడు ఎంత చెడ్డవాడైనా ఆ ఒక్క మాటలో న్యాయం లేదా? ముందొచ్చినవాడికి ముందు ఇవ్వడం ధర్మం కాదా? రేషన్ దుకాణం దగ్గర, బస్సు టికెట్టు దగ్గర మనం పాటించే న్యాయం అదే కదా?

ఆ ప్రశ్న మళ్ళీ నా ముందుకొచ్చి నిలబడింది ఒక ఆసుపత్రి బెంచీ మీద. కాళేశ్వరం దగ్గర గోదావరి మీద వంతెన 2016లో వచ్చింది. నేను చెప్పేది దానికి కొన్నేళ్ళ ముందు మాట. మా చిన్నమ్మ పొద్దున లేచి వాకిలి ఊడుస్తూ గోడ పట్టుకొని కూలబడింది. ఆ రోజు సాయంత్రానికి మరోసారి పడింది. నాగేపల్లిలో ఒక జీపు మాట్లాడుకొని, దారి పొడవునా గుంతలు లెక్కపెట్టుకుంటూ ఒక పెద్ద ఆసుపత్రికి చేరేసరికి రాత్రి తొమ్మిది దాటింది. ఆ ఆసుపత్రి పేరు ఇక్కడ అక్కరలేదు. అటువంటివి అన్నిచోట్లా ఉన్నాయి.

అత్యవసర విభాగంలో ఒకే ఒక సిస్టర్. ఒక డాక్టరు లోపల. బయట బెంచీల మీదా నేల మీదా కలిపి ముప్పైమంది ఉంటారు. నేను కేస్ పేపర్ తీసుకోవడానికి కిటికీ దగ్గర వరసలో నిలబడ్డాను. చిన్నమ్మ దగ్గర జీపు కుర్రాణ్ణి ఉంచాను. వాడికి మరాఠీ వచ్చు, తెలుగు సగం సగం. పేపరు చేతికొచ్చాక మా వంతు వస్తుందని చూస్తూ కూర్చున్నాను. గంట గడిచింది. అప్పుడు అడవి లోపలి ఊరి నుంచి నలుగురు మాడియా మనుషులు ఒక నిండు గర్భిణిని మంచం మీద మోసుకొచ్చారు. ఆమెను నేరుగా లోపలికి తీసుకెళ్ళారు. తర్వాత ట్రాక్టరు కింద పడ్డ పిల్లవాడొకడు. వాణ్ణీ లోపలికే. నేను లేచాను. కిటికీ దగ్గరికి వెళ్ళి గొంతు పెంచాను. మేము ముందొచ్చాం, మా పేపరు చూడండి, దీనిమీద టైము రాసి ఉంది అన్నాను. మంచి మరాఠీలోనే అన్నాను. సిస్టర్ తల ఎత్తలేదు. నేను మళ్ళీ అన్నాను. ఆ వాదంలో ఇంకో అరగంట పోయింది.

తిరిగి వచ్చి కూర్చుంటే చిన్నమ్మ నా చెయ్యి పట్టుకొని, "పోనియ్ బిడ్డా, ఆమెవి రెండు పాణాలు," అంది.

పన్నెండు దాటాక డాక్టరు బయటికొచ్చి వరసగా నాడి చూసుకుంటూ వస్తున్నాడు. చిన్నమ్మ మణికట్టు పట్టుకొని ఆగిపోయాడు. గడియారం చూశాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. నాడి నిమిషానికి నలభై కూడా లేదు. ఒక్కసారిగా స్ట్రెచర్, సూది, పరుగులు. ఇంతసేపు ఎందుకు కూర్చోబెట్టారని ఆయన సిస్టర్‌ను అడిగితే ఆమె పేపరు చూపించింది. దాని మీద కంటి జబ్బు అని రాసి ఉంది.

ఏం జరిగిందో తర్వాత తెలిసింది. నేను కిటికీ దగ్గర ఉన్నప్పుడు సిస్టర్ ఒకసారి బెంచీల మధ్యకు వచ్చి అందరినీ అడిగిందట. చిన్నమ్మ, "కండ్లు తిరుగుతున్నయమ్మా" అంది. జీపు కుర్రాడు మాటకు మాట పెట్టి, ఈమెకు కళ్ళు తిరుగుతున్నాయట అన్నాడు. మరాఠీలో ఆ బాధను చక్కర్ యేతే అంటారు. కళ్ళ ఊసే ఉండదు అందులో. సిస్టర్ టార్చి వేసి కళ్ళలోకి చూసింది. కళ్ళు బాగానే ఉన్నాయి. రాసుకొని వెళ్ళిపోయింది.

చిన్నమ్మ బతికింది. ఆ రాత్రే ఇంకా పెద్ద ఊరికి తీసుకెళ్ళాం. గుండెకు పేస్‌మేకర్ పెట్టారు. ఇంకో ఆరేళ్ళు మా మధ్య తిరిగింది. కాని ఆ రాత్రిని నేను మరచిపోలేను. సిస్టర్ మీద కోపం వల్ల కాదు. రెండు భాషలూ వచ్చిన నోరు నాది. అది ఉండవలసిన చోట లేకుండా వంతు కోసం కొట్లాడుతూ కిటికీ దగ్గర ఉంది. అందుకు.

అప్పటి నుంచి ఆసుపత్రిలో నిరీక్షణ గురించి ఆలోచిస్తూనే ఉన్నాను. అందులో రెండు వేర్వేరు సంగతులున్నాయని, మనం రెంటినీ ఒకే కోపంతో చూస్తామని నాకనిపిస్తుంది.

మొదటిది, వంతు. ముందొచ్చినవాడికి ముందు అనే న్యాయం చక్కెర పంచేటప్పుడు సరిపోతుంది. ఎందుకంటే అక్కడ అందరి అవసరమూ ఇంచుమించు ఒకటే. వెనక నిలబడ్డవాడు ఆలస్యం వల్ల చచ్చిపోడు. ఆసుపత్రిలో అలా కాదు. నెపోలియన్ సైన్యంలో శస్త్రవైద్యుడు డొమినిక్ లారే ఈ సంగతిని యుద్ధభూమిలో తేల్చి చెప్పాడు. సేనానా, సిపాయా అని చూడకుండా అందరికన్నా ప్రమాదకరమైన గాయం తగిలినవాడికే ముందు వైద్యం చేయాలన్నాడు. ఈనాటి అత్యవసర విభాగాల్లో ట్రయాజ్ అనే మాట వినబడుతుంది. అది ఫ్రెంచి మాట. ఏరి వేరుచేయడం అని అర్థం. ఆ ఏరడానికి కొలత గడియారం కాదు, ప్రాణం. ఆ లెక్కన గర్భిణినీ ట్రాక్టరు కింద పడ్డ పిల్లవాణ్ణీ ముందు తీసుకోవడం నాకు జరిగిన అన్యాయం కాదు. అది నేను వాళ్ళకు పడ్డ బాకీ. చదువు రాని మా చిన్నమ్మకు తెలిసిన ఆ సత్యం చదువుకున్న నాకు తట్టలేదు.

ఇక్కడ ఒక మాట. అవసరం కోసం వంతు వదులుకోవడం వేరు, పైరవీ కోసం వదులుకోవలసి రావడం వేరు. నాయకుడి ఫోనుతో వచ్చినవాడు వరస దాటిపోతుంటే ఊరుకోవడం సహనం కాదు. ఓపిక పట్టండి అనే మాటను పేదవాడికే ఎక్కువసార్లు చెబుతారు. డబ్బున్నవాడు ఏ ప్రైవేటు ఆసుపత్రికో వెళ్ళిపోతాడు, వాడికి ఓపికతో పనిలేదు. అందుచేత మనల్ని ఓపిక పట్టమనే హక్కు ఎవరికుంది అన్న ప్రశ్న న్యాయమైనదే. నా జవాబు ఇది. మనల్ని చూసినవాడికుంది. చూసి, మీకంటే ఫలానావాళ్ళు ప్రమాదంలో ఉన్నారు, మీరు ఆగగలరు అని చెప్పినవాడికే ఉంది.

ఇదే రెండో సంగతి, చూపు. వైద్యానికి ఆగవచ్చు. చూపుకు ఆగకూడదు. ఎవరు ఆగగలరో, ఎవరు ఆగలేరో తేల్చేది ఆ మొదటి చూపే. అది తప్పితే తర్వాతి న్యాయమంతా తప్పుతుంది.

ఇది మన మారుమూల గొడవ మాత్రమే అనుకోకండి. 2008 సెప్టెంబరులో కెనడా దేశపు విన్నిపెగ్ నగరంలో, అన్ని వసతులూ ఉన్న ఒక పెద్ద ఆసుపత్రికి చక్రాల కుర్చీలో ఒక ఆదివాసీ వచ్చాడు. రెండు కాళ్ళూ లేవు. మూత్రం బయటికి రావడం లేదని ఒక క్లినిక్ వాళ్ళు పంపారు. వచ్చీరాగానే ఉద్యోగితో మాట్లాడాడు. కాని అతని పేరు జాబితాలోకి ఎక్కలేదు. 34 గంటలు ఆ గదిలోనే ఉండిపోయాడు. వాంతి చేసుకున్నాడు. పక్కవాళ్ళు చూసి చెప్పారు. తాగి ఉన్నాడనో, తల దాచుకోవడానికి వచ్చాడనో అక్కడివాళ్ళు అనుకున్నారు. చివరికి గుర్తించేసరికి అతను చనిపోయి కొన్ని గంటలయింది. తర్వాత విచారణలో అది నివారించగల మరణమని తేలింది. 34 గంటలూ అందరి కళ్ళకూ కనబడుతూనే ఉన్నాడు, కాని ఎవరూ చూడలేదు. కళ్ళు తెరిచి ఉండటం వేరు, చూడటం వేరు. మన ముందున్న మనిషి ఎవరో ముందే తెలుసనుకుంటే ఇక చూడవలసిన పని ఉండదు కదా!

మన దేశంలో 1992 జూలైలో కలకత్తా దగ్గర ఒక వ్యవసాయ కూలీ రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలింది. మంచాలు లేవనీ, పరికరాలు లేవనీ ఒకదాని తర్వాత ఒకటి ప్రభుత్వ ఆసుపత్రులు తిప్పి పంపాయి. చివరికి ప్రైవేటు ఆసుపత్రిలో సుమారు 17 వేల రూపాయలు పెట్టి బతికాడు. 1996లో సుప్రీంకోర్టు దాన్ని జీవించే హక్కుకు భంగమని తేల్చి, 25 వేలు పరిహారం ఇప్పించింది. డబ్బు లేదని చెప్పి ప్రభుత్వం ఆ బాధ్యత తప్పించుకోలేదని కూడా చెప్పింది. అంతకుముందు 1989లోనే, ప్రాణం మీదికొచ్చిన మనిషిని ఆదుకోవడం ప్రతి వైద్యుడి విధి అని అదే కోర్టు తీర్పు ఇచ్చింది. చట్టం మన పక్షాన ఉంది. కాని చట్టం బెంచీ దాకా నడిచి రాదు.

మన విషయంలో అసలు బెంచీ ఎక్కడ మొదలవుతుంది? సిరొంచ నుంచి జిల్లా కేంద్రం గడ్చిరోలి సుమారు 200 కిలోమీటర్లు. ఆ దూరమంతా మన నిరీక్షణ గదే. 108 బండి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో వస్తే మహారాష్ట్రలో 2014లో వచ్చింది. 1994లో థాడియస్, మేన్ అనే ఇద్దరు పరిశోధకులు కాన్పుల్లో చనిపోయే తల్లుల గురించి రాస్తూ మూడు ఆలస్యాలు చెప్పారు. వెళ్ళాలని నిర్ణయించుకోవడంలో ఒకటి, చేరుకోవడంలో ఒకటి, చేరాక వైద్యం అందడంలో ఒకటి. గడియారం చూసి మనం కోప్పడేది మూడోదానికే. మొదటి రెండూ ఏ కేస్ పేపర్ మీదా రాసి ఉండవు. మన భాషవాళ్ళకు నాలుగోది కూడా ఉందంటాను. చెప్పిన మాట అర్థం కావడంలో జరిగే ఆలస్యం.

అయితే చూపు కోసం పెద్ద డాక్టరు వచ్చేదాకా ఆగనక్కరలేదని ప్రపంచానికి నేర్పింది కూడా మన గడ్చిరోలి జిల్లాయే. అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతుల సెర్చ్ సంస్థ 39 పల్లెల్లో ఊరి ఆడవాళ్ళకే శిక్షణ ఇచ్చింది. పుట్టిన బిడ్డ బరువు తూచడం, ఊపిరి లెక్కపెట్టడం, ప్రమాదం గుర్తుపట్టడం, ఇంటి దగ్గరే మందివ్వడం నేర్పింది. మూడో ఏటికి పసికందుల మరణాలు, ఈ సేవ లేని పల్లెలతో పోలిస్తే, 60 శాతానికి పైగా తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. అక్కడ పెద్ద భవనం కట్టలేదు, పెద్ద యంత్రం పెట్టలేదు. బిడ్డను సమయానికి చూసే మనిషి, ఆ తల్లి మాట అర్థమయ్యే మనిషి, ఆ ఊళ్ళోనే ఉంది. అంతే.

మరి కోపం సంగతి? నిరీక్షణ వల్ల పుట్టిన కోపం ఎప్పుడూ దగ్గరున్నవాడి మీదే పడుతుంది. ఖాళీ పోస్టులు నింపనివాడు కనబడడు, రోడ్డు వేయనివాడు కనబడడు. ముప్పైమందికి ఒక్కతై నిలబడిన సిస్టర్ కనబడుతుంది. వైద్యుల మీద, నర్సుల మీద దాడులు ఆపడానికి మహారాష్ట్ర 2010లో ప్రత్యేక చట్టం చేయవలసి వచ్చిందంటే మన కోపం ఎటు ప్రవహిస్తున్నదో తెలుస్తుంది. ఆ రాత్రి సిస్టర్ నన్ను చూడలేదని కోప్పడ్డాను. నేను మాత్రం ఆమెను చూశానా? ఎన్ని గంటల నుంచి నిలబడి ఉందో, తిన్నదో లేదో అడిగానా?

కోపం వద్దనడం లేదు. దాని ప్రశ్న మారాలంటున్నాను. మా వంతెప్పుడు అని కాదు, మావాళ్ళను ఎవరైనా చూశారా అని అడగాలి. మా మాట తెలిసిన మనిషి ఇక్కడ ఎందుకు లేడు అని అడగాలి. తెలుగు, మాడియా, గోండీ మాట్లాడేవాళ్ళు రోజూ వచ్చే ఆసుపత్రిలో ఆ భాషలు తెలిసినవాళ్ళను ఒకరినైనా కూర్చోబెట్టడం దయ కాదు, వైద్యంలో భాగం. అది జరిగేదాకా, మనలో రెండు భాషలూ వచ్చినవాళ్ళు కిటికీ దగ్గర కాదు, రోగి పక్కన ఉండాలి. మనవాళ్ళకే కాదు, పక్క బెంచీ మీది పరాయివాడికి కూడా ఆ నోరు అరువివ్వాలి.

పడక సీను ఇప్పుడు తలచుకుంటే నాకు మరోలా కనబడుతుంది. దుర్యోధనుడూ పూర్తిగా ఒప్పు కాదు, ఎదురుగా నిలబడినవాణ్ణే ముందు చూసిన చూపు కూడా అందరికీ సరిపోదు. తలవైపు కూర్చున్నవాడు తలతిప్పితే గాని కనబడడు. నాటకంలో అలా కూర్చున్నవాడు రాజు. తనకు కావలసింది అడిగి పుచ్చుకోగలడు. మన ఆసుపత్రుల్లో అలా కనబడని చోట కూర్చునేది చిన్నమ్మలాంటివాళ్ళు. ఆ రాత్రి ఆమె ఇంకొకరికి దారి ఇచ్చింది, తనకోసం ఒక్క మాటా గట్టిగా అడగలేదు. ఆమెకు ముందు చోటు అక్కరలేకపోయింది. ఒక్కసారి తలతిప్పి చూసేవాళ్ళు ఉంటే చాలు.