త్రవ్వక విడిచిన చోటు



పోయిన నాణెము కొరకు దీపము వెలిగించి, ఇల్లు ఊడ్చి, దొరకువరకు వెదకిన స్త్రీ కథ మనకందరికిని తెలిసినదే. లూకా సువార్త 15వ అధ్యాయములోని ఆమెకు దీపమును చీపురును సాధనములైనవి. నేడు అమెరికా, ఇంగ్లండు దేశములలో పాత నాణెములు వెదకువారు మెటల్ డిటెక్టర్ అను యంత్రమును చేతపట్టి పొలములలోను సముద్రతీరములలోను తిరుగుచుందురు. మన రైలు స్టేషనులలో పోలీసువారు సామానులపై ఆడించునది ఈ జాతి యంత్రమే. అది చెప్పు మాటను సరిగా వినుట వారికొక విద్య. ఆ విద్యలో మనము పొరుగువారిని గూర్చి తీర్చు తీర్పులకు సంబంధించిన ప్రశ్న యొకటి దాగియున్నది. దానిని ఈ నెల ఆలోచింతము.

యంత్రము పనిచేయు విధము ఇది. కర్ర చివర పళ్లెమువంటి తీగచుట్ట యుండును. అందులో విద్యుత్తు ప్రవహించినప్పుడు చుట్టును అయస్కాంత శక్తి పుట్టును. నేలలోని లోహము ఆ శక్తి తగిలి తనలో చిన్న ప్రవాహమును పుట్టించుకొని బదులు పలుకును. ఆ బదులు తీరును, అది ఎంత వెనుకబడి వచ్చెనో దానిని లెక్కించి, యంత్రము ఒక సంఖ్యను చూపి ఒక ధ్వనిని వినిపించును. చాలా యంత్రములలో ఇనుప మేకునకు అడుగు సంఖ్య, వెండి నాణెమునకు పై సంఖ్య వచ్చును.

అయితే ఆ సంఖ్య వస్తువు పేరు కాదు, దాని వెలయు కాదు. విద్యుత్తు ఆ వస్తువులో ఎంత సుళువుగా పారునో, ఆ వస్తువు ఎంత పెద్దదో, ఎంత మందమో, అంతమట్టుకే అది చెప్పగలదు. అమెరికా దేశపు ఐదు సెంట్ల నాణెములో నూటికి 75 పాళ్లు రాగి, 25 పాళ్లు నికెలు. రాగి ఎక్కువే గాని, ఆ మిశ్రమములో విద్యుత్తు కష్టముగా పారును గనుక సంఖ్య తక్కువగా వచ్చును. పానీయపు డబ్బాల మూతనుండి లాగి పారవేసిన అల్యూమినియపు రింగునకును ఇంచుమించు అదే సంఖ్య. అనేకమైన బంగారు ఉంగరములకును ఆ దరిదాపుల సంఖ్యయే. చెత్త త్రవ్వి త్రవ్వి విసిగినవాడు, ఈ సంఖ్య వచ్చినప్పుడు పలుకవద్దని యంత్రమునకు ఏర్పాటు చేసికొనవచ్చును. అప్పుడు చెత్తతోకూడ ఉంగరమును మౌనముగా నేలలో నుండిపోవును. యంత్రము అబద్ధమాడలేదు. యజమానుడు చెప్పినట్లే చేసెను.

మరియొక సంగతి. వెండి నాణెము ప్రక్కనే ఇనుప మేకు పడియున్న యెడల, మేకు స్వరము నాణెపు స్వరమును కప్పివేయవచ్చును. నాణెము నిలువుగా అంచుమీద నిలిచియున్నను ధ్వని బలహీనమగును. కావున అనుభవముగలవారు ఒక ప్రక్కనుండి విని ఊరకుండరు. ప్రక్కకు తిరిగి నిలిచి, అదే చోట మరల ఆడింతురు. రెండు వైపులను ఒకే ధ్వని నిలిచినయెడల నమ్మిక కలుగును. నిలువకున్నను, లోతున మంచిది ఉండవచ్చునని వారెరుగుదురు.

1881వ సంవత్సరము జూలైలో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌ను ఒకడు తుపాకితో కాల్చెను. దేహములోని గుండును కనిపెట్టుటకు, టెలిఫోను కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఇట్టి యంత్రమునే సిద్ధపరచి తెచ్చెను. పరుపులోని ఇనుప తీగచుట్టలు యంత్రమును కలవరపరచెను. అంతేగాక, గుండు కుడివైపుననే యున్నదని ముఖ్య వైద్యుడు ముందే నిశ్చయించుకొని, ఆ వైపుననే వెదకనిచ్చెను. సెప్టెంబరు 19న అధ్యక్షుడు మరణించెను. తరువాత శవపరీక్షలో గుండు ఎడమవైపున కనబడెను. జవాబు ముందే నిర్ణయించుకొనినవానికి ఎంత మంచి యంత్రమైనను ఏమి చెప్పగలదు?

అట్లయిన ప్రతి చోటును త్రవ్వవలెనా? అది అసాధ్యము. పగలు చిన్నది, చేతి బలము కొద్దిది. పాలేరును కుదుర్చుకొనువాడును, అప్పు ఇచ్చువాడును, కూతురికి సంబంధము చూచువాడును ఏవో గురుతులను బట్టి నిర్ణయింపక తప్పదు. తీర్పే వద్దనుట సుళువైన మాట గాని, అట్లు బ్రతుకుట ఎవరివల్లను కాదు. మన యెదుట నున్న ప్రశ్న వేరు. "ఇక్కడ నేడు నేను త్రవ్వలేను" అనుట ఒకటి. "ఇక్కడ ఏమియు లేదు" అనుట మరియొకటి. మొదటిది మన శక్తిని గూర్చిన నిజమైన ఒప్పుకోలు. రెండవది మనము చూడని నేలను గూర్చిన సాక్ష్యము. చూడనిదానికి సాక్ష్యమిచ్చుటకు మనకేమి అధికారము?

ఇంకను గమనింపుడు. పొరపాటున త్రవ్వినవాడు తన పొరపాటును కన్నులార చూచును. చేతికి తుప్పు మేకు వచ్చును, గుంట పూడ్చుకొని పోవును. పొరపాటున విడిచినవాడు తన పొరపాటును ఎన్నడును చూడడు. అందుచేత తాను ఎప్పుడును తప్పలేదని అతడు తలంచును. మనుష్యులను కొట్టివేయు అలవాటు మనలో ఇంత గట్టిగా నిలుచుటకు కారణమిదియే. దానిని తప్పని చూపు సాక్ష్యము మన యొద్దకు రానేరాదు.

మేమును ఇట్టి తప్పు చేసితిమి. ఒక యేట కోత పండుగ లెక్కలు ఎవరికి అప్పగింతుమని కూర్చుండి మాటలాడుచుండగా, ఒక యౌవనుని పేరు వచ్చెను. "ఆ ఇంటివాడా?" అని ఎవరో అనిరి. తండ్రి త్రాగుబోతు, ఊరందరికిని బాకీ. మేమెవరమును మారు పలుకక తరువాతి పేరునకు పోతిమి. ఆ పిల్లవాడు పనికై పట్టణమునకు పోయిన తరువాత, దుకాణదారుడొకడు మాతో చెప్పెను: ఐదేండ్లుగా తండ్రి బాకీలను కొద్దికొద్దిగా తీర్చుచు వచ్చినది అతడేనట. మేము వినినది మేకు స్వరము. ప్రక్కనున్న నాణెమును వినలేదు. దుకాణదారుని ఒక్క మాట అడిగియుండవలసినది, అడుగలేదు.

అయినను ఒక హెచ్చరిక అవసరము. వెదకువారిలో మంచివారు నేల యజమానుని సెలవు లేక త్రవ్వరు, త్రవ్విన గుంటను పూడ్చక పోరు. పొరుగువాని సంగతి తెలిసికొనుట వేరు, వాని గాయములను త్రవ్వి బజారున పెట్టుట వేరు. వాని మేలు కొరకే అడుగవలెను. తెలిసినదానిని మర్యాదతో కప్పియుంచవలెను.

ఆ స్త్రీ దొరకువరకు వెదకెను గాని, ఒక మూలను ఊడ్చి చాలించుకొనలేదు. మనకు అంత ఓపిక లేకపోవచ్చును. కనీసము ఇంతైనను చేయుదము. ఈసారి ఒకరి పేరు వచ్చి, మన మనస్సు వెంటనే "ఇనుము" అని పలికినప్పుడు, ప్రక్కకు తిరిగి నిలిచి మరియొక మారు విందము. అప్పటికిని త్రవ్వలేకపోయిన యెడల, ఇక్కడ ఏమియు లేదని మాత్రము చెప్పకుందము.