జబ్బు లేనివారికి మందు

చరక సంహిత చికిత్సకు వైద్యుడు, ద్రవ్యం అనగా ఔషధం, పరిచారకుడు, రోగి అని నాలుగు పాదాలు చెప్పింది. ఔషధానికి ఒక పాదమంతా దక్కినా, దానిని భద్రపరచి చేతికందించే మనిషికి విడిగా స్థానం లేదు. అయితే అదే గ్రంథం విమానస్థానంలో జనపదోద్ధ్వంసాన్ని, అంటే గాలి, నీరు, నేల, కాలం చెడిపోయి ఒక ప్రాంతమంతా రోగానికి గురికావడాన్ని వివరించేటప్పుడు, నేల సారం కోల్పోకముందే మూలికలు సేకరించి ఉంచమని ఆత్రేయుడు అగ్నివేశుడిని ఆదేశిస్తాడు. రోగి ఇంకా ఎదుటికి రాకముందే మొదలయ్యే ఈ కర్తవ్యం ఎవరి పట్ల అన్నది తేలవలసిన ప్రశ్న.

చెన్నై నుంచి సుమారు 1,200 కిలోమీటర్ల దూరాన, మందులకు ఓడల మీదా విమానాల మీదా ఆధారపడే అండమాన్ దీవుల్లోని పోర్ట్ బ్లెయిర్‌లో (2024 నుంచి శ్రీ విజయపురం) ఈ ప్రశ్న గ్రంథాలకే పరిమితం కాదు. ఎలుకల వంటి జంతువుల మూత్రం కలిసిన నీటి ద్వారా సోకే లెప్టోస్పైరోసిస్ వానల్లోనే పెరుగుతుంది, సముద్రం అల్లకల్లోలమయ్యేదీ అప్పుడే. కనుక మందును ముందే నిల్వ ఉంచే ఫార్మసిస్టు ముందుచూపు అక్కడ చికిత్సలో భాగమే.

ఇంతకంటే చిక్కైనది నికోబార్‌లోని నాన్‌కౌరీ దీవుల బోదకాలు వ్యాధి. దాన్ని మోసే దోమ అడవిలో పగలే కుడుతుంది కాబట్టి రాత్రి కట్టుకునే దోమతెర అంతగా అక్కరకు రాదు. అందుకే 1983లో పోర్ట్ బ్లెయిర్‌లో ఏర్పడిన ప్రాంతీయ వైద్య పరిశోధనా కేంద్రం డీఈసీ అనే మందు కలిపిన ఉప్పును అక్కడ ప్రయోగించి చూసింది. ఆ ఉప్పు జబ్బున్నవారూ లేనివారూ తినాలి, ఫలం చాలావరకు పొరుగువారికి చెందుతుంది. దీనిని గీత చెప్పిన లోకసంగ్రహంతో, అనగా లోకం నిలవడానికి చేసే కర్మతో సమర్థించడం తేలికే. కానీ లోకసంగ్రహం కర్త తన మీద తాను వేసుకునే బాధ్యతే తప్ప ఇతరుల శరీరాల మీద అధికారం కాదు. కాబట్టి ఉప్పు పంచే వ్యక్తి నికోబారీ గ్రామ కెప్టెన్‌కు, అనగా ఊరి పెద్దకు, కారణం వివరించి సమ్మతి పొందగలగాలి. 2020 నిబంధనలతో ఫార్మసీ డిప్లొమాలో చేరిన సోషల్ ఫార్మసీ, అంటే సమాజ ఆరోగ్యంలో ఫార్మసిస్టు పాత్రను బోధించే పాఠ్యాంశం, పథకాల పేర్లతో ఆగిపోతే ఈ నేర్పు అబ్బదు.

దీనికి తిరగేసిన సందర్భం దుకాణంలో ఎదురవుతుంది. 2014 నుంచి అమలైన షెడ్యూల్ హెచ్1 ప్రకారం కొన్ని యాంటీబయాటిక్‌లను వైద్యుడి చీటీ లేకుండా ఇవ్వరాదు, ఇచ్చినప్పుడు రిజిస్టరులో రాయాలి. అడగనివారికి ఉప్పు ఇచ్చిన చేయే ఇక్కడ అడిగినవారికి మందు నిరాకరించాలి. చట్టం వరకు అది చాలు, కానీ వైద్యుడు పడవ ప్రయాణమంత దూరంలో ఉన్న దీవిలో ఆ రోగిని వైద్యుడి దాకా చేర్చే దారి చూపని నిరాకరణ ధర్మమనిపించుకోదు.