చివరి మాట ఎవరిది? – హాస్య వీరకుటుంబ చిత్రకథలో ఉమ్మడి కర్తృత్వం: ఒక నైతిక పరిశీలన

ఇద్దరు కలిసి సృష్టించిన కృతిలో ఎవరి భాగం ఎంత అన్నది సాహిత్య చరిత్రకారుల ప్రశ్న. ఆ భాగాన్ని గుర్తించవలసిన బాధ్యత ఎవరిది అన్నది నీతికి సంబంధించిన ప్రశ్న. మొదటిదానికి జవాబు దొరకనప్పుడు రెండవది కూడా రద్దయిపోతుందా? అమెరికాలో 1961 నవంబరు తేదీతో మొదలైన ‘ఫెంటాస్టిక్ ఫోర్’ చిత్రకథను ఆధారంగా తీసుకొని ఈ అంశాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. దీని సృష్టికర్తలు స్టాన్ లీ, జాక్ కిర్బీ.

అప్పటి అద్భుతవీరులు సాధారణంగా ముసుగు వెనుక దాగిన ఒంటరి మనుషులు. ఈ నలుగురు మాత్రం ఒక కుటుంబం. శాస్త్రజ్ఞుడు రీడ్, అతడు పెళ్లాడబోయే సూ, ఆమె తమ్ముడు జానీ, రీడ్ స్నేహితుడు బెన్. వీరికి రహస్యజీవితం లేదు. లోకాన్ని కాపాడే తీరిక దొరికినంతగా తమలో తాము పోట్లాడుకొనే తీరికా దొరుకుతుంది. 1962 నాటి తొమ్మిదవ సంచికలో వీరు పెట్టుబడులు పోగొట్టుకొని దివాలా తీస్తారు. ఆకాశంలో ఎగరగలిగినవారు అప్పులవాళ్లకు జవాబు చెప్పుకోలేకపోవడంలోనే ఇక్కడి హాస్యం ఉంది. శక్తికీ గృహజీవితానికీ మధ్యనున్న ఎడమే దీనికి మూలం.

ఈ హాస్యం పుటమీద ఎలా పుడుతుందో చూడాలి. వికృతమైన ఆకారం, వేషం, వాక్కు హాస్యానికి విభావాలని భరతుడు చెప్పాడు. బెన్ శరీరం నారింజరంగు రాతిపెళ్లలుగా మారిపోయింది. ఆ ఆకారం ఒక్కటే చూస్తే కలిగేది కరుణ. అది పలికే విసుగుమాట ఒక్కటే వింటే మిగిలేది చతురోక్తి. విషాదం కనిపించే బొమ్మ పక్కన దాన్ని దాచుకోజూసే వెటకారం చేరినప్పుడే నవ్వు వస్తుంది, ఆ నవ్వు వెంటనే గుండె బరువెక్కుతుంది. శబ్దార్థాల సహభావమే కావ్యమని భామహుడు భావించాడు. ఆ రెండూ సౌందర్యంకోసం పరస్పరం పోటీపడటమే సాహిత్యమని కుంతకుడు దాన్ని విస్తరించాడు. చిత్రకథలో ఆ పోటీ బొమ్మకూ మాటకూ మధ్య జరుగుతుంది. కనుక బెన్‌ను చూసి మనం నవ్విన నవ్వును కోసి, ఇది చిత్రకారుడి వాటా, ఇది రచయిత వాటా అని పంచడం సాధ్యం కాదు.

రచనాపద్ధతి ఈ విషయాన్ని మరింత జటిలం చేసింది. సంపూర్ణమైన రాతప్రతిని చిత్రకారుడికి ఇవ్వడం ఇక్కడి ఆచారం కాదు. కథాసూత్రం క్లుప్తంగానో, కొన్నిసార్లు కేవలం సంభాషణగానో అందేది. దాన్ని పుటలుగా విభజించి, సన్నివేశాలు కల్పించి, భావాలను ముఖాల్లో పలికించడం కిర్బీ వంతు. కథ ఎటు నడుస్తున్నదో అతడు అంచుల్లో రాసి పంపేవాడు. ఆ తరువాత లీ సంభాషణలు కూర్చేవాడు. 1966 నాటి నలభై ఎనిమిదవ సంచికలో కనిపించే సిల్వర్ సర్ఫర్ పాత్ర తాము అనుకొన్న కథలో లేదనీ, కిర్బీయే దాన్ని గీసి తెచ్చాడనీ లీ స్వయంగా చెప్పుకొన్నాడు. అలాంటి పనిని ‘చిత్రాలు’ అనే ఒక్క పదంలో ఇమిడ్చితే అది అసత్యం కాకపోవచ్చు గాని, అర్ధసత్యం మాత్రం అవుతుంది.

1965 నాటి మూడవ వార్షిక సంచికలో రీడ్, సూల వివాహం జరుగుతుంది. లీ, కిర్బీలు తామే పాత్రలుగా ఆ పెళ్లికి వస్తారు. ఆహ్వానం లేదని ద్వారం దగ్గరే వారిని తిప్పి పంపేస్తారు. అప్పటికి అది వినోదం. 1970లో కిర్బీ ఆ సంస్థను విడిచాడు. తాను గీసిన మూలచిత్రాలను తిరిగి పొందడానికి 1980 దశకంలో సుదీర్ఘంగా పోరాడవలసి వచ్చింది. 1994లో మరణించాడు. హక్కులకోసం వారసులు చేసిన ప్రయత్నాన్ని తోసిపుచ్చుతూ, అది సంస్థకోసం చేసిన కూలిపని అని 2011లోనూ 2013లోనూ న్యాయస్థానాలు తీర్పు చెప్పాయి. 2014లో రాజీ కుదిరింది. ఈ చరిత్ర తెలిసి చదివే పాఠకుడికి ఆ పెళ్లిద్వారం దగ్గరి నవ్వు మునుపటిలా వినిపించదు.

ఇక్కడ రెండు ఆక్షేపణలకు అవకాశముంది. మొదటిది: చిత్రకారుడు ప్రతిఫలం తీసుకొని పనిచేశాడు కదా, ఇక బాకీ ఎక్కడిది? పుటకు చెల్లించిన వేతనం శ్రమకు వెల. కర్తృత్వం ఆస్తి అయితే దాన్ని అమ్మవచ్చు. కాని ‘ఇది ఇతడు చేశాడు’ అన్నది ఒక వాస్తవం. వాస్తవానికి క్రయవిక్రయాలు లేవు. న్యాయస్థానం తేల్చింది యాజమాన్యాన్ని మాత్రమే. రెండవ ఆక్షేపణ మరింత బలమైనది: కిర్బీకి న్యాయం చేయబోయి లీని కేవలం పేరు దోచుకొన్నవాడిగా చిత్రిస్తే అదీ అన్యాయమే. బెన్ గొంతులోని వెటకారం, కుటుంబకలహంలోని లయ సంభాషణలవల్ల నిలిచాయి. తరువాతి కాలంలో కథలన్నీ తానే రాశానని కిర్బీ చెప్పిన మాటనూ ఉన్నదున్నట్లు అంగీకరించలేము. బాధపడినవాడి జ్ఞాపకం కూడా జ్ఞాపకమే, ప్రమాణం కాదు.

తెలుగులో జంటకవిత్వ సంప్రదాయం ఈ చిక్కును వేరొక విధంగా ఎదుర్కొన్నది. తిరుపతి వేంకట కవులలో దివాకర్ల తిరుపతిశాస్త్రి 1920లో కన్నుమూశారు. ఆ తరువాత మూడు దశాబ్దాలు జీవించిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి తాను ఒంటరిగా రచించినవాటినీ జంటపేరుతోనే వెలువరించారు. వాస్తవదృష్టితో చూస్తే ఇదీ యథార్థం కాదు. ఏ పద్యం ఎవరిదో తేల్చదలచిన పరిశోధకుడికి ఇది ఇబ్బందే. అయినా దీన్ని మనం దోషమని అనం. ఎందుకంటే ఇక్కడ తనదాన్ని మరొకరితో పంచుకోవడం ఉంది, మరొకరిదాన్ని తనలో కలుపుకోవడం లేదు. రెండింటిలోనూ హద్దు చెరిగింది. అది ఎవరి చేతితో, ఎవరి మేలుకోసం చెరిగింది అన్నదే నైతికభేదం.

ఈ పోలికకు ఒక పరిమితి ఉంది. ఆ కవులు సమానస్కంధులు, ఒకే గురువు దగ్గర చదివినవారు. లీ సంపాదకుడు, ప్రచురణకర్తకు బంధువు. కిర్బీ పుటల లెక్కన పనిచేసినవాడు. చిత్రకథలో మాట చివర చేరుతుంది. ఆ చివరి మాట రాసే చేతిలోనే ఎవరేం చేశారో ప్రకటించే గడి కూడా ఉండిపోయింది. సమానులమధ్య ఔదార్యంగా కనిపించేది అసమానులమధ్య బాధ్యత అవుతుంది.

కనుక వాటాలు తేలకపోవడం గుర్తింపును నిరాకరించడానికి కారణం కాజాలదు. తేలకపోవడమే ఉమ్మడి గుర్తింపుకు కారణం. ఆ నలుగురి కుటుంబాన్ని చూసి నవ్వగలిగామంటే, ఎంత పోట్లాడినా అక్కడ ఎవరూ ఎవరినీ లెక్కలోనుంచి తీసివేయరన్న నమ్మకం మనకు ఉండటమే కారణం. ఆ నమ్మకాన్ని పుటమీద కల్పించిన ఇద్దరిలో ఒకరికి పుట వెలుపల అది దక్కలేదు. పాఠాన్ని మాత్రమే చదివి, అది పుట్టిన పని పద్ధతిని పక్కన పెట్టే విమర్శకు ఈ లోటు కనిపించదు. కర్తృపరిశోధన ఇక్కడ చరిత్రకు సంబంధించిన కుతూహలం మాత్రమే కాదు, ఆలస్యంగానైనా తీర్చవలసిన ఋణం.