దారిలో నొప్పులొస్తే తప్పెవరిది?



ఈసారి మీతో నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. చెప్పుకుని, దాని గురించి మీతో కలిసి ఆలోచించాలి.

కొన్నేళ్ల కిందట అశోక విజయదశమికి మా ఊరి నుంచి పదిహేను మందిమి నాగపూర్ దీక్షాభూమికి బయల్దేరాం. వరంగల్‌లో జనరల్ బోగీ ఎక్కాం. ఆ రోజుల్లో ఆ రైళ్లు ఎలా ఉంటాయో మీకు తెలుసు. కూర్చోవడం సంగతి తర్వాత, కాలు పెట్టడానికే చోటుండదు. మాలో ఒక చెల్లెలికి ఎనిమిదో నెల. భర్త పనికోసం చెన్నై పోయాడు. తెల్లచీర కట్టుకుని, సంచిలో నాలుగు రొట్టెలు పెట్టుకుని మాతో వచ్చింది.

సిర్పూర్ కాగజ్‌నగర్ దాటాక ఆమె నడుము పట్టుకుని కింద కూలబడింది. కడుపు గట్టిపడుతోంది, వదులుతోంది, మళ్లీ గట్టిపడుతోంది. "గ్యాస్ అయి ఉంటది, సోడా తాగించండి" అన్నారు ఒకరు. ఉమ్మనీరు పోయాక గానీ మాకు అర్థం కాలేదు. పక్కనున్న పెద్దాయన ఒకరు "దాని కర్మ అట్ల రాసి ఉంది, ఎవరేం చేస్తరు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. కర్మను వదిలేసి బుద్ధుని శరణు పోతున్న మనుషుల ముందు ఆ మాటా అనిపించింది. కానీ మరుక్షణం నా నోటి నుంచి ఏ మాట వచ్చిందో తెలుసా? "ఎనిమిదో నెలలో ఇంత దూరం ఎందుకు బయల్దేరావమ్మా? నీకు తెలియదా?"

ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుని అంది: "ఇంట్ల ఒక్కదాన్నే ఉంటే నొప్పులొస్తే ఎవరున్నరక్కా? మీ అందరి నడుమ ఉంటే ధైర్యమని వచ్చిన."

మాలో ఒక కుర్రాడు రైల్వే నంబర్ 139కి ఫోన్ చేశాడు. బల్లార్షాలో ఆమెను దించాం. మాకెవరికీ మరాఠీ సరిగా రాదు. ప్లాట్‌ఫాం ఊడ్చే ఒకామె మమ్మల్ని చూసి చీపురు పక్కన పడేసి వచ్చింది. మంచిర్యాల పక్క మనిషట, తెలుగే మాట్లాడింది. పేరడగలేదు, కులమడగలేదు, ఎందుకొచ్చారని అడగలేదు. "ఎన్నో నెల? నీరు ఎప్పుడు పోయింది?" ఈ రెండే అడిగింది. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టింది, చుట్టూ చీరలు అడ్డం పట్టించింది, బండి వచ్చాక ఆస్పత్రి దాకా మాతోనే వచ్చింది. ఆ రాత్రే పాప పుట్టింది. రెండు కిలోలు కూడా లేదు. చాలా రోజులు ఆస్పత్రిలోనే ఉంచారు. బతికింది. ఇప్పుడు బడికి పోతోంది.

పాప బతికింది కాబట్టి కథ సుఖాంతమైందని నేను వదిలేయలేకపోయాను. ఆ పెద్దాయన మాటకూ నా మాటకూ తేడా ఏమిటన్న ప్రశ్న నన్ను వదల్లేదు.

ఆయన "నీ కర్మ" అన్నాడు. నేను "నీ తప్పు" అన్నాను. ఆయనది పాతకాలపు మాట, నాది చదువుకున్న మాట. కానీ రెండూ చేసే పని ఒకటే. జరిగినదాని భారమంతా నొప్పి పడుతున్న మనిషి మీదే పెట్టి, పక్కనున్నవాళ్లను తప్పిస్తాయి. బాబాసాహెబ్ 'బుద్ధుడు – ఆయన ధమ్మం' పుస్తకంలో పూర్వజన్మ కర్మ సిద్ధాంతాన్ని ఎందుకు తోసిపుచ్చారో గుర్తు చేసుకోండి. పేదల దుస్థితికి వాళ్ల గత జన్మే కారణమంటే సమాజం, ప్రభుత్వం బాధ్యత నుంచి సులువుగా జారుకుంటాయని ఆయన చెప్పారు. మనం కర్మ అనే పదాన్ని వదిలేశాం. ఆ జారుకునే అలవాటును వదిలేశామా?

నిజానికి నెలలు నిండకుండా కాన్పు కావడం అరుదైన సంగతేం కాదు. 37 వారాలు నిండక ముందు పుడితే నెలలు నిండని కాన్పు అంటారు. ప్రపంచంలో పుట్టే ప్రతి పదిమంది బిడ్డల్లో సుమారు ఒకరు ఇలా పుడుతున్నారు. కవలలు, రక్తపోటు, ఇన్‌ఫెక్షన్లు కొన్ని కారణాలు. చాలా కాన్పుల్లో కారణం ఇదీ అని డాక్టర్లు కూడా చెప్పలేరు. డాక్టరుకే తెలియని కారణం, రైల్లో నిలబడ్డ నాకు ఎలా తెలిసిపోయింది? "ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు" అని మన ఇళ్లలో ఇంకా అంటుంటారు. అది శుద్ధ అబద్ధం. కడుపులో ఉన్న ప్రతి వారమూ బిడ్డకు బలమే. ఆ అబద్ధం ఎంత చెడ్డదంటే, ఎలాగూ బతకదని ఆస్పత్రికి తీసుకుపోవడంలో ఆలస్యం చేయిస్తుంది.

మన చరిత్రలోకి ఒకసారి చూడండి. మహామాయ కపిలవస్తు నుంచి పుట్టిల్లు దేవదహకు బయల్దేరింది. పుట్టింటికి చేరకముందే లుంబినీ వనంలో నొప్పులు వచ్చాయి. ఆమెకు నెలలు నిండాయి, కానీ ఇల్లు దూరంగానే ఉంది. మన మార్గదాత పుట్టింది రాజభవనంలో కాదు, దారిలో, చెట్ల కింద. అశోకుడు అక్కడికి వెళ్లి, బుద్ధుడు పుట్టిన చోటు ఇదేనని స్తంభం మీద చెక్కించి, ఆ ఊరికి పన్ను తగ్గించాడు. మనం వైశాఖ పున్నమికి ఆ పుట్టుకను పండగ చేసుకుంటాం. ఏడో రోజున ఆ తల్లి చనిపోయిందన్న సంగతి మాత్రం గబగబా దాటేస్తాం. రాణికే అలా జరిగిందంటే, దారిలో కాన్పు ఎంత ప్రమాదమో ఆలోచించండి. ఆమెను ఎవరైనా "ఎందుకు బయల్దేరావు" అని నిందిస్తే మనం ఊరుకుంటామా?

పటాచార కథా మీకు తెలిసే ఉంటుంది. శ్రావస్తిలో ధనవంతుల బిడ్డ. తమ ఇంట్లో పనిచేసే యువకుణ్ని ప్రేమించి దూరం వెళ్లిపోయింది. కాన్పుకు పుట్టింటికి బయల్దేరితే తుపాను గాలిలో, దారిలోనే నొప్పులు. ఆమెకు నీడ కడదామని కొమ్మలు కొట్టడానికి వెళ్లిన భర్త పాము కరిచి చనిపోయాడు. ఇద్దరు బిడ్డలూ పోయారు. పుట్టిల్లు కూలి అమ్మా నాన్నా అన్నా పోయారు. మతి తప్పి, ఒంటి మీద బట్ట లేకుండా తిరుగుతుంటే జనం మట్టిపెళ్లలు విసిరి తరిమారు. బుద్ధుడు ఆమెను అడ్డుకోవద్దన్నాడు, చెల్లీ అని పిలిచాడు. ఒకరు తన పైబట్ట ఇచ్చారు. నువ్వు ఇల్లు దాటి తప్పు చేశావని బుద్ధుడు ఆమెతో అన్నట్టు ఆ కథలో ఎక్కడా లేదు. ఆమె తర్వాత భిక్ఖుణీ సంఘంలో వినయం తెలిసినవారిలో మొదటిదైంది.

అయితే మీరు ఒక మాట అడగొచ్చు. ఎనిమిదో నెలలో అంత రద్దీ రైలు ఎక్కకూడదని చెప్పడం తప్పా? తప్పు కాదు. ఎప్పుడు చెప్పామన్నదే ప్రశ్న. అదే మాట వరంగల్ స్టేషన్‌లో, కాదు, నెల ముందు మా విహారంలో అడిగి ఉంటే అది మైత్రి. "ఈ నెలలో వద్దు చెల్లీ, మేం తిరిగొచ్చేదాకా ఫలానా అక్క నీ ఇంట్లో పడుకుంటుంది" అని చెప్పి ఉంటే అది ధమ్మం. నొప్పులు మొదలయ్యాక అడిగాను కాబట్టి అది నింద అయింది. ఆమె ఒంటరిదని నాకు ముందే తెలుసు. తెలిసీ ఆలోచించలేదు. బుద్ధుడు అప్పమాదం అన్నది దీన్నే, ఏమరుపాటు లేకపోవడం. కరుణ అంటే కన్నీళ్లని మనం అనుకుంటాం. కన్నీళ్లు రాకముందు చేసి పెట్టుకోవాల్సిన పనులు కూడా కరుణే.

బాబాసాహెబ్ దీన్ని చట్టం దాకా తీసుకెళ్లారు. 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజనాల బిల్లును సమర్థిస్తూ, కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికే మేలని వాదించారు. 1929లో ఆ చట్టం వచ్చింది. 1961లో వచ్చిన కేంద్ర చట్టంలో, నెలలు నిండని కాన్పు వల్ల జబ్బుపడితే ఉద్యోగినికి మరో నెల దాకా జీతంతో సెలవు రాశారు. కానీ కూలికి పోయే మన చెల్లెళ్లకు ఆ సెలవు ఎవరిస్తారు? ఆ పోరాటం ఇంకా మిగిలే ఉంది.

పోరాటం సాగేలోపు, మన చేతిలో ఉన్న పని చేద్దాం. ఏ యాత్రకు బయల్దేరినా గర్భిణులు ఎవరైనా ఉన్నారా అని ముందే అడగండి. ప్రయాణం తప్పదంటే డాక్టరుతో మాట్లాడించి, ఆశా వర్కర్ ఇచ్చిన కార్డు సంచిలో పెట్టించండి. కడుపు ఆగి ఆగి గట్టిపడినా, నడుం నొప్పి తగ్గకపోయినా, నీరు పోయినా, రక్తం కనిపించినా సోడాలతో సరిపెట్టకండి. 108కి, రైల్లో అయితే 139కి ఫోన్ చేయండి. త్వరగా ఆస్పత్రికి చేరితే బిడ్డ ఊపిరితిత్తులకు బలమిచ్చే ఇంజెక్షన్ తల్లికి ఇచ్చే వీలుంటుంది. దారిలోనే పుడితే బిడ్డను తుడిచి తల్లి గుండెల మీద పడుకోబెట్టి, ఇద్దరికీ కలిపి బట్ట కప్పండి. స్నానం చేయించకండి. పురుడనీ మైలనీ దూరం జరిగేవాళ్లను కాస్త పక్కకు తప్పుకోమనండి.

ఆ చెల్లెలు నన్ను ఎప్పుడో క్షమించింది. బల్లార్షా ప్లాట్‌ఫాం మీద ఆ అక్క ఏ శరణాలు పలికేదో, అసలు పలికేదో లేదో నేను అడగలేదు. ఆమె చీపురు పక్కన పడేసిన తీరు మాత్రం మర్చిపోలేను. ఈసారి మీ పక్కన ఎవరికైనా నొప్పి మొదలైతే, ముందు అడగాల్సింది "ఎందుకు వచ్చావు" అని కాదు. "ఎన్నో నెల" అని.

నమో బుద్ధాయ. జై భీమ్.