బిడ్డకు నేర్పవలసిన భాషలు



బిడ్డలకు ఏయే భాషలు నేర్పవలయునని విచారించునప్పుడు మనము తఱచుగా అంగడిలో సరకు బేరమాడువారివలె మాటలాడుదుము. ఆంగ్లమువలన ఉద్యోగము వచ్చును, హిందీవలన దేశసంచారము సులభమగును, సంస్కృతమువలన పరీక్షలో మార్కులు పెరుగును అని లెక్కలు వేయుదుము. ఈ లెక్కలు తప్పని నేననను. పొట్టకూటి విద్యను నిందించు ధర్మోపన్యాసము కడుపు నిండినవారికే వినసొంపుగా నుండును. కాని పరమేశ్వరుఁడు బిడ్డకు మొట్టమొదట నిచ్చిన భాషను మనము ఎన్నుకొనలేదు. తల్లి యొడిలో అది తానై వచ్చినది. మనము ఎన్నుకొనునది తక్కినవానిని మాత్రమే. ఆ తక్కినవానికొఱకు మొదటిదానిని చూచి సిగ్గుపడ నేర్పుట ధర్మమా?

ఆత్మకూరును దృష్టాంతముగాఁ గైకొందము. తక్కిన యాత్మకూరులనుండి వేఱుగాఁ దెలియుటకై సూర్యాపేట గుఱుతుగా పేరు చివర (ఎస్) అను నక్షరమును తగిలించుకొన్న మండలమది. 2016లో నల్లగొండనుండి వేఱుపడిన సూర్యాపేట జిల్లాలోనిది. ఈ సీమలో ఊరిలో తెలుఁగు, తండాలో లంబాడీ, ముసల్మానుల యిండ్లలో ఉర్దూ వినవచ్చును. ఊరి తెలుఁగు సైతము పుస్తకపు తెలుఁగు కాదు. దానిని యాస యని పేరుపెట్టి నవ్వువారు కలరు. ఇంతలో 2022–23 విద్యాసంవత్సరమునుండి సర్కారు బడులలో ఆంగ్లమాధ్యమము వచ్చెను. కావున తండాలోని ఆఱేండ్ల బిడ్డ బడి గడప దాటఁగనే ఊరి తెలుఁగు, పుస్తకపు తెలుఁగు, ఆంగ్లము అను మూఁడు మెట్లను ఒక్కమాఱే యెక్కవలసియున్నది.

లంబాడీలో "యాడి" యనఁగా తల్లి. ఈ ప్రాంతపు తెలుఁగులో "యాడికి" యనఁగా ఎక్కడికి. తొలినాఁడు బడిలో బిడ్డ "యాడీ" యని యేడ్చెననుకొనుఁడు. ఆ భాష నెఱుఁగని యుపాధ్యాయుఁడు "యాడికిరా పోతవు? కూసో" యని గద్దించును. బిడ్డ పిలిచినది తల్లిని. పంతులుగారికి వినఁబడినది బడి యెగఁగొట్టు మాట. ఇందులో ఎవ్వరికిని దుర్బుద్ధి లేదు. అయినను నాఁడు బిడ్డ నేర్చిన మొదటి పాఠము, తన తల్లి పేరు ఆ కప్పు క్రింద చెల్లదని.

ఈ యవమానము మనవారికిఁ గొత్తది కాదు. 1921 నవంబరులో హైదరాబాదు నగరమున సంఘసంస్కారసభ జరిగెను. ఆంగ్లము, ఉర్దూ, మరాఠీ ఉపన్యాసములను ఓపికతో వినిన సభవారు, ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుఁగునఁ బలుక మొదలిడఁగనే చప్పట్లు చఱచి గేలిచేసిరి. సంస్కారమును గోరి కూడిన సభలో నిది జరిగెనని గమనింపుఁడు! ఆ గాయమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టెను. ఆనాఁటి నైజాము రాజ్యమున ఉన్నతవిద్యకు ఉర్దూయే ద్వారము. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనభాష యదియే. తెలుఁగు బిడ్డ ఇంటిభాషను వాకిట విడిచి లోపలికిఁ బోవలసివచ్చెను.

నేఁడు మనము అధికులము. పాఠశాలలన్నిట తెలుఁగు తప్పక నేర్పవలెనని 2018లో తెలంగాణమున శాసనము చేసికొంటిమి. మంచిదే, నేనును సంతోషించితిని. కాని 2011 జనాభా లెక్కలలో తమ మాతృభాష లంబాడీ యని చెప్పినవారు దేశమున 32 లక్షలకుఁ బైఁబడియుండఁగా, వారిని హిందీ పద్దులో జమకట్టినప్పుడు మనలో నెందఱు నొచ్చుకొంటిమి? అల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమికవిద్య మాతృభాషలో నొసఁగ యత్నింపవలెనని 1956లో రాజ్యాంగమునఁ జేర్చిన 350-ఏ అధికరణము చెప్పుచున్నది. ఆ వాక్యము ఢిల్లీకి వ్రాయఁబడినదే కాని తండా ప్రక్కనున్న ఊరికిఁ గాదని మన తలంపు కాఁబోలు.

ఇట్టి విషయమున గిడుగు రామమూర్తి పంతులుగారిని స్మరింపక తీఱదు. (గ్రంథభాషలోఁ బలుకుచు వారిని స్మరించుట కొందఱికి వింతగాఁ దోఁపవచ్చును, గ్రంథభాషలో పేరుగన్న వీరేశలింగముగారే 1919లో వారి వ్యావహారికభాషా సమాజమునకు అధ్యక్షులైరి.) పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండి, కొండలనుండి దిగివచ్చు సవరల మాట విని, సవరలు తెలుఁగు నేర్చుకొనవలెనని ఆయన యనలేదు, తాను సవర నేర్చుకొనెను. వారి బిడ్డలకు వారి మాటలోనే చదువు చెప్పించెను. 1931లో సవర వ్యాకరణమును, 1938లో సవర–ఆంగ్ల నిఘంటువును వెలువరించెను. పెద్దభాషవాఁడు చిన్నభాష యింటికి నడచిపోయెను. నాకుఁ దోఁచినంతవఱకు ధర్మమార్గము ఇదియే.

లంబాడీకి సొంతలిపి లేదు గదా, దానిని నేర్చి యేమి చదువుదురు అని యొక యాక్షేపణ కలదు. మనవారు దానిని తెలుఁగు లిపిలో వ్రాయుచునే యున్నారు. అదియుఁ గాక, జ్వరపు రాత్రి తల్లి బిడ్డ తలచెంతఁ గూర్చుండి వేఁడుకొనునప్పుడు ఏ లిపిలో వేఁడుకొనును? ఆ ప్రార్థన ఈశ్వరునకుఁ జేరదని చెప్పు సాహసము మీలో నెవరికిఁ గలదు?

తండావారు బిడ్డకు తెలుఁగును, ఆంగ్లమును నేర్పింపవలెనా? నిశ్చయముగా నేర్పింపవలెను, ఆ ద్వారములను మూయ మన కధికారము లేదు. ఇంటిలో లంబాడీని మాత్రము మానరాదు. ఊరి బిడ్డ తన యాసను దిద్దుకొనవలెనా? పుస్తకపు భాషను దానికిఁ జేర్చుకొనవలెను, దానిని తుడిచివేయరాదు. ఇఁక మీ బిడ్డల మాట. ఆంగ్లము, హిందీ, సంస్కృతము, దూరదేశపు ఫ్రెంచి వఱకును ఎన్నుకొంటిరి. క్రోసెడు దూరములో నున్న తండాభాషను ఆ పట్టికలో నేల చేర్పలేదు? దానికి జీతపు పంతులు అక్కఱలేదు. మీ పొలమునఁ బనిచేయు లంబాడీ యమ్మను మీ బిడ్డచేత నీళ్ళ పేరు, నిప్పు పేరు, చుక్కల పేరు అడిగింపుఁడు. ఆమె మొదట నవ్వును, పిమ్మటఁ జెప్పును.