హాల్‌స్టాట్ అస్థిశాల: పుర్రె మీద పేరెందుకు?

ఆస్ట్రియాలోని ఆల్ప్స్ పర్వతాల్లో, నిటారైన కొండకూ సరస్సుకూ నడుమ ఇరుకున వెలసిన హాల్‌స్టాట్ చరిత్రకారులకు ఉప్పు గనుల వల్లా, 1846 నుంచి యోహాన్ గియోర్గ్ రామ్‌సావర్ తవ్వించిన ప్రాచీన సమాధుల వల్లా సుపరిచితం. ఐరోపా తొలి ఇనుప యుగ సంస్కృతికి ఈ ఊరి పేరే పెట్టారు. కానీ మతతత్త్వ జిజ్ఞాసతో వచ్చేవారిని ఎక్కువసేపు నిలబెట్టేది కాథలిక్ చర్చి చెంతనున్న సెయింట్ మైకేల్ ప్రార్థనామందిరం కింది అస్థిశాల, అంటే సమాధుల నుంచి తీసిన ఎముకలను భద్రపరిచే గది.

శ్మశానాన్ని పెంచడానికి చోటు లేని ఆ ఊళ్లో, పూడ్చిన పది పదిహేనేళ్లకు సమాధిని తెరిచి, పుర్రెను కడిగి, తెల్లబడేదాకా ఎండలో ఉంచి, దానిపై పేరునూ మరణించిన సంవత్సరాన్నీ రాసి, నుదుటి చుట్టూ గులాబీలో ఐవీ ఆకులో కిరీటంలా చిత్రించి, బంధువుల పుర్రెల పక్కన అమర్చేవారు. అక్కడున్న 1200కు పైగా పుర్రెల్లో 600కు పైగా ఇలా రంగులద్దినవే.

కాథలిక్ విశ్వాసం ప్రకారం లోకాంతాన మృతులు శరీరంతోనే లేస్తారు. దీన్నే శరీర పునరుత్థానం అంటారు. ఆత్మ ఒక్కటే మనిషి కాదనీ, శరీరం లేని ఆత్మ అసంపూర్ణమనీ మధ్యయుగ క్రైస్తవ తాత్త్వికుడు థామస్ అక్వినాస్ వాదించాడు. అలాగని ఎముకలు చెదిరితే పునరుత్థానానికి ఆటంకమని చర్చి బోధించలేదు. అంత్యక్రియలు మృతులకు చేసే సాయం కన్నా బతికున్నవారికి కలిగించే ఊరట అని ఐదో శతాబ్దంలోనే క్రైస్తవ తాత్త్వికుడు అగస్టీన్ రాశాడు. మరి, దేవునికి గుర్తుచేయనక్కర్లేని పేరును పుర్రె మీద రాయడం దేనికి? మరణానంతరం ఆత్మలు శుద్ధి పొందే దశను తెలుగు కాథలిక్కులు ఉత్తరించు స్థలం అంటారు. అక్కడున్నవారికి బతికున్నవారి ప్రార్థన తోడ్పడుతుందని విశ్వాసం, ఆ ప్రార్థనలో మృతుణ్ణి తలచుకోవడానికి పేరు కావాలి. సమాధిలోని చోటును తర్వాతివారికి వదులుకున్న మనిషి, తనవారి స్మరణలో మాత్రం తన చోటు వదులుకోలేదన్నమాట.

ఇదే ఊరి గనిలో 1734లో, ఉప్పులో చిక్కుకుని చెడిపోకుండా ఉన్న ఓ ప్రాచీన కార్మికుడి దేహం దొరికింది. దేహం మిగిలినా ఆ మనిషి ఎవరో చెప్పగలవారు లేరు; దాన్ని పాతిపెట్టేశారు. అస్థిశాలలో పేరు రాసి ఉంచినవారికి మిగిలింది పుర్రే అయినా, వారెవరో నేటికీ తెలుస్తుంది. వ్యక్తిత్వం దేహంలో కన్నా ఇతరులతో ఉన్న సంబంధంలోనే ఎక్కువగా నిలుస్తుందనడానికి ఇంతకన్నా స్పష్టమైన నిదర్శనం అరుదు. టికెట్ కొని లోపలికి వచ్చే యాత్రికులు ఏ పేరూ చదవకుండా ఫొటో తీసుకుని వెళ్లిపోతే, రాసినవారి ఉద్దేశం అక్కడ నిజంగా భంగపడుతుంది.

స్థలాభావమే ఈ ఆచారానికి కారణమని సాధారణంగా చెబుతారు. ఆచారం పుట్టుక వరకు అది సబబే. అయితే దహనంపై ఉన్న నిషేధాన్ని కాథలిక్ చర్చి 1963లో సడలించిన తర్వాత ఇరుకు సమస్యకు వేరే పరిష్కారం దొరికింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు, 1983లో కన్నుమూసిన ఒక స్త్రీ తన పుర్రెను అక్కడే ఉంచాలని కోరడమూ, 1995లో దాన్ని తెచ్చి ఆ వరుసల్లో చేర్చడమూ కేవలం చోటు చాలకపోవడం వల్ల జరిగినవి కావు.